కుండ మీది గీత, అక్షరము

శంషాబాదు పేరు చెప్పినంతనే నేడు వినువారికి విమానములు స్ఫురించును. 2008 మార్చి నెలలో ఇచట అంతర్జాతీయ విమానాశ్రయము తెఱవబడినది మొదలు, సుమారు 5,500 ఎకరముల నేల దేశదేశములకు ద్వారమైనది. అంతకు ముందు ఈ ప్రాంతము జొన్నచేలకు, చెఱువులకు, గొఱ్ఱెల మందలకు, నల్లని గుండ్లకు నెలవు. శంషాబాదు అను పేరు పైగా ప్రభువులు ధరించిన షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ బిరుదము ఆసఫ్‌జాహీ ప్రభువుల కాలము నాటిది. నర్కూడ చెంతనున్న అమ్మపల్లి సీతారామాలయము అంతకంటె ప్రాచీనము. ఆ గుండ్ల వయస్సును భూగర్భ శాస్త్రజ్ఞులు 250 కోట్ల సంవత్సరములుగా లెక్కింతురు.

గుడికిని గుండునకును నడుమ ఒక కాలము కలదు. దానికి రాజు పేరు లేదు, శాసనము లేదు, కైఫీయతు లేదు. ఆ కాలమునకు మిగిలిన సాక్షులు రెండే: సమాధులు, ఆ సమాధులలోని కుండలు. హైదరాబాదు చుట్టుపట్ల దొరికిన అట్టి కుండలపై ఎవరో వాడియైన మొనతో గీసిన గుఱుతులు కలవు. అవి వ్రాతయా, వ్రాత కాదా యను ప్రశ్న నూఱేండ్లకు పైగా పండితులను వేధించుచున్నది. అక్షరమునే ఆధారముగా గొని వెలసిన గ్రంథాలయమునకు ఇంతకంటె దగ్గఱి ప్రశ్న మఱియొకటి యుండదు.

పల్లెలలో వీనిని రాక్షసగుళ్లని పిలుతురు. మనుష్యులు ఎత్తజాలని బండలను నిలిపి, గదివలె పేర్చి, పైన మఱియొక బండ కప్పియుండుటచే అవి రాక్షసుల కట్టడములని జనులు తలచిరి. కొన్నిచోట్ల పాండవుల పేర చెప్పుదురు. నిజమునకు అవి మనవంటి మనుష్యుల సమాధులు. నేలలో గుంట త్రవ్వి, రాతిపలకలతో పెట్టె కట్టి, అందు ఎముకలనుంచి, చుట్టును కుండలను, ఇనుప పనిముట్లను అమర్చి, పైన మట్టియు రాళ్లును కుప్పవోసి, ఆ కుప్ప చుట్టు పెద్ద గుండ్లను వలయముగా నిలుపుట వాడుక. శాస్త్రజ్ఞులు వీనిని బృహచ్ఛిలా సమాధులందురు. వీనిలో పెక్కు క్రీస్తునకు పూర్వము వేయి సంవత్సరముల లోపలివి. కొన్ని అంతకంటెను పాతవని ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు.

హైదరాబాదునకు చుట్టును ఇట్టి సమాధులు విరివిగా నుండెను. ఈశాన్యమున మౌలాలి, ఉత్తరమున హష్మత్‌పేట, పడమట గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణము, భువనగిరి మార్గమున రాయగిరి, ఇవి అన్నియు ఆ జాబితాలోనివే. నీరు నిలుచు పల్లమునకు చేరువగా, పంట పండని మెఱక మీద, గుండు దొరకు చోట పూర్వులు శ్మశానమును ఏర్పఱచుకొనిరి. పండెడు నేలను బ్రదికినవారికి విడిచి, పండని నేలను చనిపోయినవారికి ఇచ్చిన వివేకము అందు కనబడును. శంషాబాదు చుట్టునున్న నేలయు ఆ తీరుదే.

ఆ సమాధులలోని కుండలను చూచినవారు మొదట వాని రంగునకు ఆశ్చర్యపడుదురు. లోపల నలుపు, అంచున నలుపు, వెలుపలి క్రిందిభాగము ఎఱుపు. ఇది పూసిన రంగు కాదు, కాల్చిన నేర్పు. సారె మీద చేసిన పాత్రను ఆరబెట్టి, నునుపుగా మెఱుగుపెట్టి, ఆవములో బోర్లించి కాల్చెడివారు. బోర్లించిన పాత్ర లోపలికి గాలి చొరక పొగ నిండుటచే ఆ భాగము నలుపెక్కెను. గాలి తగిలిన వెలుపలి భాగమున మట్టిలోని ఇనుము ఎఱ్ఱబాఱెను. ఒకే మట్టి, ఒకే మంట, రెండు రంగులు. ఈ విద్య నెఱిగిన కుమ్మరి సామాన్యుడు కాడు. గిన్నెలు, మూకుళ్లు, కుండలు, అడుగు గుండ్రని పాత్రలు నిలుచుటకై చేసిన మట్టి కుదుళ్లు, అన్నియు ఆ సమాధులలో కలవు.

ఇట్టి పాత్రలలో కొన్నింటి భుజము మీద గీతలుండును. అవి పెక్కుసారులు కుమ్మరి పచ్చికుండ మీద గీసినవి కావు. కాలిన తరువాత, అనగా కుండ కొనినవారి చేతికి వచ్చిన పిమ్మట, మొనదేలిన పనిముట్టుతో గీయబడినవి. కత్తెఱగుఱుతు, నిచ్చెన, త్రిశూలము, విల్లు, బాణము, ముక్కోణము, నిలువుగీతలు, వలయము వంటి ఆకారములు కానవచ్చును. ఒక్కొక పాత్రపై సాధారణముగా ఒకటి రెండు గుఱుతులే యుండును. కొన్ని సమాధులలో వేఱువేఱు పాత్రల మీద ఒకే గుఱుతు కలదు.

వీనిని శ్రద్ధతో పరిశీలించిన కీర్తి హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖకు దక్కినది. ఆ శాఖ 1914లో ఏర్పడెను. దానికి మొదటి అధిపతి గులాం యజ్దానీ. అజంతా చిత్రములను గ్రంథరూపమున లోకమునకు చూపిన పండితుడు ఈయనయే. హైదరాబాదు పురావస్తు సంఘము కూడ స్థాపింపబడెను. ఆ సంఘపు పత్రికలో యజ్దానీ 1917లో దక్కను బృహచ్ఛిలా సమాధులలోని ఒక క్రొత్త విశేషమును గూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ క్రొత్త విశేషము కుండల మీది గుఱుతులే. వానిని వరుసగా పేర్చి, బ్రాహ్మీ లిపిలోని అక్షరములతో పోల్చి చూపెను. తరువాత 1924లో హంట్ అను ఆంగ్లేయుడు హైదరాబాదు సమాధులను గూర్చి లండనులోని మానవశాస్త్ర పత్రికలో వ్రాసెను. మౌలాలి కుండలు ఆ విధముగా లోకమున ప్రసిద్ధికెక్కినవి.

యజ్దానీ పోలికకు ఆ కాలమున గల బలమును గ్రహింపవలెనన్న నాటి వాదములను తెలిసికొనవలెను. బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివెను. సాంచీ స్తూపముపై నున్న పొట్టి లేఖనములలో పెక్కింటి చివర ఒకే రెండక్షరములు వచ్చుట చూచి, ఇవి భక్తులు ఇచ్చిన కానుకలై యుండును, ఆ మాట దానమై యుండునని ఊహించెను. ఆ ఊహయే తాళపుచెవి యయ్యెను. తరువాత ఈ లిపి ఎచటిదను తగవు బయలుదేఱెను. జర్మను పండితుడు బ్యూలరు ఇది పడమటి ఆసియాలోని సెమిటిక్ లిపినుండి వచ్చినదనెను. కన్నింగ్‌హాము ఇది ఈ దేశమునందే పుట్టినదనెను. ఇంతలో 1915లో నిజాము రాజ్యములోని మస్కి వద్ద అశోకుని శాసనము దొరికెను. దేవానాంప్రియుడను బిరుదముతో పాటు అశోకుని పేరును స్పష్టముగా తెలిపిన మొదటి శాసనమదియే. రెండేండ్లు గడచినంతనే అదే రాజ్యములో, అశోకునికంటె పాతవని తలచు సమాధులలో, బ్రాహ్మీని పోలిన గీతలు కనబడెను. దేశీయ వాదమునకు కొండంత అండ దొరకినట్లయ్యెను. దేవదత్త రామకృష్ణ భాండార్కరు ఆ కుండల గుఱుతులను గైకొని, భారతీయ లిపి ఈ మట్టిలోనే మొలచినదని వాదించెను.

1924లో హరప్పా, మొహెంజోదారో నగరముల వార్త వెలువడగా ఈ ప్రశ్న మఱింత వెనుకకు సాగెను. 1960లో బి. బి. లాల్ దక్షిణపు సమాధుల గుఱుతులను సింధు నాగరికత ముద్రలలోని గుఱుతులతోను, నడిమికాలపు తామ్రశిలాయుగ కుండల గుఱుతులతోను సరిపోల్చి, వానిలో చాల భాగము ఒకదానికొకటి సరిపోవుచున్నవని చూపెను. పోలిక నిజమే. కాని పోలికనుండి ఏమి తేలును? ఇచటనే చదువరి నెమ్మదింపవలెను.

బ్రాహ్మీ అక్షరముల ఆకారములను చూడుడు. కూడిక గుఱుతు వంటిది ‘క’. నిలువుగీత ‘ర’. వట్టి వలయము ‘ఠ’. వలయములో చుక్క పెట్టిన ‘థ’. అడ్డుగీత మీద నిలువుగీత నిలిపిన ‘న’. ఇంటికప్పు వలె రెండు వాలుగీతలను చేర్చిన ‘గ’. ఇవి అన్నియు మిగుల సరళములు. పలుగు చేతికిచ్చి ఏ బాలుని గోడ మీద గీయుమన్నను కూడిక గుఱుతును, వలయమును గీయును. వానికి ‘క’ తెలిసినదని, ‘ఠ’ వచ్చినదని చెప్పగలమా? ఆకారము సరళమైన కొలది పోలిక సులభము. పోలిక సులభమైన కొలది సాక్ష్యము బలహీనము.

పల్లెలో గుఱుతులకు కొదువ లేదు. చాకలి జీడిగింజ రసముతో బట్టల మూలను చుక్కలు పెట్టును. ఏ చుక్క ఏ యింటిదో వానికి తెలియును. ఆ చుక్కలకు ఉచ్చారణ లేదు. గొఱ్ఱెల చెవికి గంటు పెట్టుదురు, ఎడ్ల తొడకు వాత వేయుదురు. ఈ గుఱుతులు ఇది ఎవరిది యను ప్రశ్నకు మాత్రము జవాబు చెప్పును. అక్షరము పని వేఱు. అక్షరము నోటిమాటలోని ధ్వనిని పట్టును. ఎవరో ఎన్నడో పలికిన మాటను, వారినెఱుగనివాడు చదివి తిరిగి పలుకగలిగినపుడు అది వ్రాత. గుఱుతు చూచి తెలిసికొనునది. అక్షరము పలికి తెలిసికొనునది.

కావున ఒక గీతల సముదాయమును వ్రాత యనుటకు కొన్ని పరీక్షలు కలవు. గుఱుతులు ఒకదాని వెంట నొకటి వరుసగా రావలెను. కొన్ని వరుసలు మఱల మఱల కనబడవలెను. మొత్తము గుఱుతుల సంఖ్య ఒక పద్ధతికి లోబడియుండవలెను. తుదకు తెలిసిన యేదో ఒక భాషలో, ఒకచోట చదివిన విలువతోనే మఱియొకచోటను అర్థము కుదురవలెను. మౌలాలి, రాయగిరి కుండల మీది ఒంటి గుఱుతులు మొదటి పరీక్షలోనే ఆగిపోవును. ఒంటి గుఱుతునకు వరుస లేదు గదా! అవి ఇంటిగుఱుతులో, వంశపు గుఱుతులో, చనిపోయినవాని కొఱకు ఉంచిన పాత్రలను వేఱుపఱచు గుఱుతులో కావచ్చును. ఒక సమాధిలోని పలు పాత్రలపై ఒకే గుఱుతుండుట ఇంటిగుఱుతు వాదమునకు అనుకూలము. అవి తెలుగు అక్షరములనియో, వేదమంత్రములనియో ఉత్సాహముతో చెప్పువారు అప్పుడప్పుడు కనబడుదురు. దేశాభిమానము మంచిదే, కాని ఆధారము లేని గొప్ప పూర్వులకు గౌరవము కాదు.

ఇచట పరదేశపు ఉదాహరణమొకటి ఉపకరించును. ఐరోపాలో ఆల్ప్సు పర్వతముల నడుమ, నేటి ఇటలీ ఉత్తరభాగమునను ఆస్ట్రియాలోని టిరోలు సీమయందును పూర్వము రైతియులను జాతి వసించెను. వారిని క్రీ. పూ. 15లో రోమకులు జయించిరి. ఆ జాతివారు మట్టిపాత్రల మీదను, కంచు వస్తువుల మీదను, దుప్పికొమ్ముల మీదను పొట్టి లేఖనములను చెక్కిరి. వారి అక్షరములు ఇటలీ దేశపు ఎట్రస్కనుల లిపిని పోలినవి. అందుచే పండితులు ఆ మట్టిగిన్నె మీది వ్రాతను బిగ్గఱగా చదువగలరు. అయినను అర్థము కొంచెమే తెలియును. ఏలన ఆ భాష మాటలాడువారు లేకపోయిరి. ఎట్రస్కను భాషతో దానికి గల చుట్టఱికమును బట్టి, వానిలో పెక్కు దేవతలకు అర్పించిన కానుకల మీది మాటలని గ్రహించిరి. అచట నోరు పలుకును, మనస్సునకు అందదు. ఇచట మన సమాధులలో నోటికే అందదు. రెండు చోట్లను పాత్ర చేసినవాడు ఒక సామాన్యుడే; తన పేరో, తన కానుకయో నిలుపుకొన గోరినవాడే.

మఱి తెలుగునేల మీద నిస్సంశయముగా వ్రాత గల మట్టిపాత్రలు లేవా? కలవు. శ్రీకాకుళము జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండమను బౌద్ధక్షేత్రము కలదు. దానిని 1919లో వెలికి తెచ్చినవాడు గిడుగు వేంకట రామమూర్తి. వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుడే శాసనములను వెదకుచు ఆ కొండ నెక్కెను. తరువాత పురావస్తు శాఖవారు అచట త్రవ్వకములు సాగించిరి; ఆర్. సుబ్రహ్మణ్యము వ్రాసిన వివరణ గ్రంథము 1964లో వెలువడెను. ఆ త్రవ్వకములలో బ్రాహ్మీ అక్షరములు గల కుండపెంకులు అనేకము దొరికెను. అందు కట్టహారామమను పేరు కలదు. అది ఆ విహారపు పేరు. భిక్షువుల ఆరామమునకు చెందిన పాత్రలపై ఆరామము పేరే వ్రాయుట గమనింపదగినది. పెండ్లికి ఇచ్చు ఇత్తడి బిందె మీదను, స్టీలు గిన్నె మీదను పేరు కొట్టించు ఆచారము మన ఇండ్లలో కలదు. అడిగిన ఇంటికి అరువిచ్చిన గిన్నె ఆ పేరును బట్టి తిరిగి వచ్చును. రెండువేల ఏండ్ల క్రిందటి విహారమునందును అదియే పద్ధతి.

గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించగా రాతి కరండములును, స్ఫటికపు భరిణెయు బయల్పడెను. అవి మట్టివి కావు గాని, పాత్రలపై వ్రాతకు తెలుగుదేశమున అంతకంటె గొప్ప నిదర్శనము లేదు. కరండముల మూతల మీద బుద్ధుని ధాతువులను, వానికై కూడిన గోష్ఠివారి పేర్లను, కుబిరకుడను రాజును పేర్కొనిరి. బ్యూలరు 1894లో వానిని చదివి ప్రకటించెను. ఆ లిపియందు ఒక విశేషము కలదు. అశోకుని బ్రాహ్మీలో ‘క’ అని వ్రాసిన అందులో అకారము చేరియే యుండును. భట్టిప్రోలులో వట్టి గుఱుతు హల్లు మాత్రమే. అకారము కావలెనన్న ప్రక్కకు ఒక గీత చేర్చవలెను. అనగా ఇచటి వ్రాతగాండ్రు వచ్చిన లిపిని వచ్చినట్లు అనుకరింపలేదు; తమ భాషలోని ధ్వనులను తలచి దానిని దిద్దుకొనిరి. గుఱుతులకును వ్రాతకును గల దూరమెంతయో ఈ ఒక్క గీత చెప్పుచున్నది.

తమిళదేశపు త్రవ్వకములు ఈ కథకు మఱియొక అధ్యాయమును చేర్చినవి. కొడుమణల్ వద్ద దొరికిన కుండపెంకులలో కొన్నింటిపై పాత గుఱుతును, దాని ప్రక్కనే బ్రాహ్మీ అక్షరములతో మనుష్యుని పేరును కలవు. పొరుందల్ వద్ద వ్రాత గల పాత్రతో పాటు దొరికిన వడ్లను పరీక్షింపగా క్రీ. పూ. 5వ శతాబ్దపు కాలము వచ్చినదని ప్రకటించిరి. 2015లో ఆరంభమైన కీళడి త్రవ్వకములును అట్టి కుండపెంకులనే వెలికి తెచ్చినవి. అశోకునికి పూర్వమే దక్షిణమున అక్షరము కలదని కొందఱు పండితులు దీనినిబట్టి వాదించుచున్నారు; మఱికొందఱు ఒప్పుకొనరు. వాదము సాగుచునే యున్నది. దానినుండి మనము నిశ్చయముగా గ్రహింపదగినది ఒకటి కలదు. గుఱుతు పోయి అక్షరము రాలేదు. కొంతకాలము ఒకే కుండ మీద రెండును ప్రక్కప్రక్కనే నిలిచెను. అక్షరము నేర్చినవాడును తన తాతల గుఱుతును విడువలేదు. సంతకము చేయ నేర్చిన తరువాతను వ్రేలిముద్ర విలువ తగ్గలేదుగదా!

హైదరాబాదు పరిసరములలో అక్షరము స్పష్టముగా పలికిన చోట్లును రెండు కలవు. మూసీ ఒడ్డున చైతన్యపురి వద్ద గుండు మీద విష్ణుకుండి కాలపు ప్రాకృత శాసనము కలదు. అందు గోవిందరాజ విహారము పేర్కొనబడినది. కీసరగుట్ట మీద గుండుపై ‘తొలుచువాండ్రు’ అను మాట చెక్కబడియున్నది. రాతిని తొలుచు పనివారు తమ వృత్తినే పేరుగా వ్రాసికొనిరి. తెలంగాణమున దొరికిన తొలి తెలుగు మాటలలో ఇది యొకటిగా పండితులెన్నుదురు. రాజు వ్రాయించినది గాదు, కవి కూర్చినది గాదు. ఉలి పట్టినవారి మాట. కుండపై గీత గీసినవారి మనుమల మనుమలు ఎవరో ఈ మాట పలికియుందురు. నడుమనున్న మెట్లు కనబడవు. ఆ మెట్లు ఎచటనైన మిగిలియుండిన, ఈ మట్టిలోనే మిగిలియుండవలెను.

ఆ మట్టి త్వరత్వరగా తరలిపోవుచున్నది. మౌలాలి సమాధులలో చాల భాగము ఇండ్ల క్రిందను, రైల్వే స్థలముల క్రిందను అణగిపోయినవి. హష్మత్‌పేటవి ఇండ్ల నడుమ చిక్కుకొనియున్నవి. నగరము దక్షిణమునకు పెరిగెను. విమానాశ్రయము, 158 కిలోమీటర్ల బాహ్యవలయ మార్గము, వాని వెంట వెలసిన ప్లాట్లు, కంకర క్వారీలు ఈ ప్రాంతపు గుండ్లను, మెఱకలను చదును చేయుచున్నవి. రాళ్ల వలయము క్రషరునకు మంచి సరకు. యంత్రము ఒక్క పూటలో మూడువేల ఏండ్ల శ్మశానమును తుడిచివేయగలదు. దీనికి తోడు నిధుల వేటగాండ్రు రాత్రివేళ సమాధులను పెకలించి, బంగారము కానక కుండలను పగులగొట్టి పోవుదురు. సమాధులలో వారు కోరు నిధి లేదు. ఉన్న నిధిని వారు కాలితో తన్నుచున్నారు.

అభివృద్ధి వలదని ఎవ్వరును అనరు. విమానాశ్రయము వేలమందికి జీవనము నిచ్చినది. అయినను పూర్వులు చూపిన మార్గమొకటి కలదు. కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. నీరు ముంచక మునుపే 1954 మొదలు 1960 వఱకు నాగార్జునకొండ లోయనంతయు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను ఎత్తైన చోటికి తరలించిరి. ఆవలి యొడ్డున ఏలేశ్వరమును పురావస్తు శాఖవారు త్రవ్వగా అచట బృహచ్ఛిలా సమాధులును బయటపడెను. ఆనకట్టయు నిలిచెను, చరిత్రయు నిలిచెను. నీటి ముంపునకు ముందు చేసిన పని, కాంక్రీటు ముంపునకు ముందు ప్రతి లేఅవుటులోను జరుగుట లేదు. కొఱత అచటనే కలదు.

కుండ పోయిన నష్టమేమి, మ్యూజియములలో కుండలు లేవా యని కొందఱు అడుగవచ్చును. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియమున ప్రాచీన పాత్రలను చూడవచ్చును. కాని కుండకంటె కుండ ఉన్నచోటు విలువైనది. ఏ సమాధిలో, ఎంత లోతున, ఏ పనిముట్టు ప్రక్కన, ఏ గుఱుతు గల మఱియొక పాత్ర చెంత నుండెనో తెలిసిననే ఆ గీతకు అర్థము వెదకవచ్చును. చోటు తెలియని కుండ, సర్వే నంబరు లేని దస్తావేజు వంటిది. వస్తువు చేతిలోనుండును, హక్కు నిరూపింపలేము. యజ్దానీ చేసిన పోలిక నేటి పరీక్షకు నిలువకపోయినను, ఆయన గుఱుతులను ఎచట దొరికినవో తెలుపుచు పత్రికలో ముద్రించి పెట్టుటచేతనే మనము నేడు వానిని మఱల విచారింపగలుగుచున్నాము. అభిప్రాయము మాఱవచ్చును; లెక్క నిలువవలెను.

ఈ పనిలో గ్రామస్థుల పాత్ర చిన్నది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు తెలంగాణమున గ్రంథాలయోద్యమమును, చరిత్ర పరిశోధనయును కవలలవలె పెరిగినవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పేర నెలకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనముల సంపుటమును వెలువరించెను. ఆదిరాజు వీరభద్రరావు వంటి ఉపాధ్యాయులు ఊరూర తిరిగి శాసనముల ప్రతులను సేకరించిరి. వారికి జీతము లేదు, వాహనము లేదు. ఊరివారు దారి చూపి, రాతిని కడిగి, అన్నము పెట్టిరి. తెలంగాణ చరిత్రలో నేడు మనము చదువు పుటలకు ఆ అన్నము కూడ ఆధారమే.

నేటి గ్రంథాలయము చేయదగిన పని కష్టమైనది కాదు. ఒక రిజిష్టరు పెట్టవలెను. ఊరి పొలిమేరలో ఉన్న రాళ్ల వలయములు, నిలువురాళ్లు, వీరగల్లులు, పాత బావులు, వ్రాత గల బండలు ఏ సర్వే నంబరులో ఎన్ని కలవో వ్రాయవలెను. ఛాయాచిత్రము తీసి, తేదీ వేసి భద్రపఱుపవలెను. దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో కుండలు కనబడిన పని కొంచెమాపి పురావస్తు శాఖకు తెలుపవలెను. తీసి ఇంట దాచరాదు, కడిగి గీతను అరుగదీయరాదు. నూఱేండ్లు దాటిన ఇట్టి వస్తువులను 1972 నాటి కేంద్ర చట్టము పురావస్తువులుగా నెంచినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టమును వచ్చినది. చట్టము కాగితము మీద నుండును. కన్ను ఊరిలో నుండవలెను.

పుస్తకము లోని అక్షరమునకు వెనుక తాటియాకు కలదు. తాటియాకునకు వెనుక రాయి, రాతికి వెనుక కుండ కలవు. ఆ కుండ మీద గీత గీసినవాడు చదువుకొన్నవాడు కాకపోవచ్చును. అయినను చనిపోయిన తనవాని కొఱకు పెట్టిన గిన్నె మఱియొకరి గిన్నెలలో కలిసిపోరాదని తలచి, తన చేతికి వచ్చిన గుఱుతు నొకటి ఉంచెను. మఱచిపోరాదను ఆ తలంపే వ్రాతకు తల్లి. ఆ గుఱుతును మనము చదువలేకపోవచ్చును; చెఱుపకుండ ఉంచగలము. రేపు చదువగలవాడు పుట్టినపుడు, వానికి చదువుటకు ఆ గుఱుతు ఉన్నచోటనే ఉండవలెను.